ఈసారి మద్దెలే ఓడు

మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు అమ్మే ఒక పెద్ద దుకాణంలో నేను ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాను. కొన్నవాళ్ళు నవ్వుతూ వెళ్తారు, వారం తిరక్కుండానే పళ్ళు నూరుకుంటూ నా దగ్గరికొస్తారు. "మా దగ్గర్నించి వెళ్ళినప్పుడు బాగానే ఉందండీ", "వాడకంలో ఏదో తేడా జరిగుంటుంది", "మెకానిక్ రాగానే ఫోన్ చేస్తాం" అనే మాటలతో ఎంతెంతటి మీసాలవాళ్ళనో వెనక్కి పంపించాను. నా నోటికి జడిసి మా మేనేజరు నా కుర్చీ వైపు కూడా రాడు. అలాంటి నేను, గిటార్లు బాగుచేసేవాడి ముందు నోరు పెగలక నిలబడిపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్నది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక్క గిటారు వాళ్ళన్నయ్యది, అంటే మా పెదనాన్నది. పెదనాన్న బయటికి వెళ్ళగానే దొంగతనంగా తీసి వాయించుకోవాలి, ఆయనొచ్చేలోపు ఎక్కడిదక్కడ పెట్టెయ్యాలి. తీగలు విప్పి తన చేతికి అనువుగా మార్చుకుంటే ఆ సాయంత్రం వీపు విమానం మోతే. అందుకని నాన్న తీగలు ముట్టుకోకుండా గిటారునే తిరగేసి పట్టుకున్నాడు. అందరికీ పైనుండే లావు తీగలు ఆయనకి కింద, కిందుండే సన్న తీగలు ఆయనకి పైన. అలాగే నేర్చుకున్నాడు. పెదనాన్న విసిగిపోయి "నువ్వే ఊరేగరా దీంతో" అని గిటారు ఇచ్చేశాక కూడా తీగలు మార్చలేదు. ఒక హోటల్లో సాయంత్రాలు వాయించి మమ్మల్ని పెంచాడు. తోటి వాద్యగాళ్ళు ఆయన్ని "తలకిందుల గురువుగారూ" అని పిలిచి ఏడిపించేవాళ్ళు. ఎంత ఏడిపించినా ఆయన వాయించినట్టు వాళ్ళలో ఒక్కడికీ రాలేదు.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బాణీ కట్టాడు. అమ్మది నెమ్మదిగా నడిచి, మధ్యలో ఏదో మర్చిపోయినట్టు ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. అమ్మ వీధి చివరి దాకా వెళ్ళి తాళంచెవి కోసం తిరిగొచ్చే మనిషి. తమ్ముడిది అంతా గెంతులే. నాదాని పేరు తలుపు పాట. చిన్నప్పుడు నాకు కోపమొస్తే ఇల్లదిరేలా తలుపు వేసేదాన్ని. నాన్న కసురుకునేవాడు కాదు. వేలి కణుపులతో గిటారు పొట్ట మీద మూడుసార్లు కొట్టి, వెంటనే ఎవరో గబగబా మెట్లు దిగిపోతున్నట్టు వాయించేవాడు. "టపాకాయ పేలిందర్రా, దూరంగా ఉండండి!" అనేవాడు. తలుపు అవతల నేను మూతి ముడుచుకుని ఉందామనుకుని, నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

కొన్నేళ్ళుగా నాన్న తలలోంచి ఒక్కొక్కటే జారిపోతూ వచ్చాయి. ముందు వస్తువుల పేర్లు పోయాయి, తర్వాత ఇంటికొచ్చే దారి, తర్వాత మనుషుల పేర్లు. ఒక రోజు నా పేరూ పోయింది. ఆ రోజు నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కానీ బాణీలు మాత్రం పోలేదు. నేను పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల్నించి మూడు దెబ్బలు, ఆ వెనకే మెట్లు దిగే పాట. అమ్మ కూరగాయల సంచీతో వస్తే అమ్మ పాట. ఒక్కసారి కూడా ఒకరిది ఒకరికి వాయించలేదు. పేరు పెట్టి పిలవలేని మనిషి మమ్మల్ని అలా పిలుచుకునేవాడు. డాక్టరు కూడా "మందుల సంగతి నేను చూస్తాను గానీ, ఆ గిటారు మాత్రం మాననివ్వకండి. ఒకసారి మానితే మళ్ళీ పట్టుకోరు" అన్నాడు.

అప్పట్నించీ మా ఇంట్లో గిటారుకి పసిబిడ్డకి జరిగినట్టు జరిగేది. అయినా పాత వస్తువు కదా, ఒక మధ్యాహ్నం టప్పుమని చప్పుడొచ్చింది. కింది కొసన తీగలన్నీ కట్టి ఉండే చెక్కముక్క, బ్రిడ్జి అంటారు, పొట్ట మీంచి సగం లేచిపోయింది. నాన్న దాన్ని వేలితో నొక్కి చూసి, "దీనికి దెబ్బ తగిలింది" అన్నాడు. అంతే, కంగారేమీ పడలేదు.

గిటారుని తమ్ముడు తీసుకెళ్ళాడు. వాడి ఆఫీసు పక్క వీధిలో ఒక దుకాణం ఉంది, అద్దాల తలుపు, గోడ నిండా మెరిసే గిటార్లు. మా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి. కొట్టువాడికి కాస్త శ్రద్ధ కలుగుతుందని, "మా నాన్నకి ప్రాణమండీ ఇది. ఆయనది ఎడమచేతి వాటం, కాస్త చూసి చెయ్యండి" అన్నాడట. చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ ఒక్క ముక్కే మా కొంప ముంచింది.

ఎప్పుడడిగినా రేపు రమ్మనేవాడు కాబట్టి ఆ కొట్టాయనకి మా ఇంట్లో రేపుగారు అని పేరు పడిపోయింది. ఆ రేపు వచ్చేదాకా నాన్న దిండు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వస్తే దిండు మీద మూడు దెబ్బలు కొట్టి, దూది మీద వేళ్ళు ఆడించేవాడు. చప్పుడు రాకపోయినా ఆ వేళ్ళు మెట్లు దిగుతూనే ఉండేవి. నేను "భలే వాయించావు నాన్నా" అనేదాన్ని. ఆయన సిగ్గుపడేవాడు.

చివరికి గిటారు ఇంటికొచ్చింది. చూడ్డానికి కొత్త పెళ్ళికొడుకులా ఉంది, నిగనిగా పాలిష్ కొట్టాడు. బ్రిడ్జి చుట్టూ కారిన జిగురు గట్టిపడి ఉంది, పైనుంచి రెండు మరలు బిగించి ఉన్నాయి. అవి చూసి నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, ముందు నాన్న చేతిలో పెడదామని ఊరుకున్నాను.

నాన్న దాన్ని తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మెడ చుట్టూ చెయ్యి వేసి ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. నన్ను చూసి నవ్వి, మూడుసార్లు కొట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత వేళ్ళు కదిలాయి. వచ్చిన చప్పుడు మెట్లు దిగుతున్నట్టు లేదు, మెట్ల మీంచి గిన్నెల బుట్ట జారిపడ్డట్టుంది.

నాన్న ఆగి తన చెయ్యి చూసుకున్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వాయించాడు. మళ్ళీ గిన్నెలే. ఈసారి తమ్ముడి వైపు తిరిగి వాడి గెంతుల పాట మొదలుపెట్టాడు. అదీ రాలేదు. అమ్మని చూసి, ఇది మాత్రం తప్పు రాదులే అన్నట్టు, నెమ్మదిగా అమ్మ పాట ఎత్తుకున్నాడు. మొదటి రెండు మోతలకే అమ్మ చేత్తో నోరు మూసుకుంది. నాన్న గిటారుని పక్కన పెట్టి, తడి అంటినట్టు వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు.

"గిటారులోనే ఏదో తేడా ఉందండీ. మీ చెయ్యి బాగానే ఉంది" అంది అమ్మ.

"ఆడలేక మద్దెల ఓడని... దాన్నెందుకంటావు?" అన్నాడు నాన్న. "పోయింది. ఇది కూడా పోయింది."

సామెత గుర్తుంది ఆయనకి. ఇంట్లో సబ్బు పేరు గుర్తులేదు, కూతురి పేరు గుర్తులేదు, తన మీద తనే వేసుకోడానికి సామెత మాత్రం తడుముకోకుండా దొరికింది.

"ఈసారి మద్దెలే ఓడు నాన్నా! నిజంగానే మద్దెల ఓడు!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి, నా భుజం తట్టి, "పర్లేదమ్మా, నువ్వేం బాధపడకు" అన్నాడు. బాధపడాల్సినవాడు నన్ను ఓదారుస్తుంటే నాకు గోడకి తల కొట్టుకోవాలనిపించింది.

తమ్ముడు గిటారుని దీపం కిందికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. "అక్కా, తీగలు మార్చేశాడు. లావువి సన్నవాటి చోట, సన్నవి లావువాటి చోట కట్టాడు." లోకంలో ఎడమచేతి వాటం వాళ్ళందరికీ గిటారు ఎలా ఉండాలో అలా చేసి పెట్టాడు రేపుగారు. లోకంలో వాళ్ళందరికీ సరే. మా నాన్నకి కాదు.

మర్నాడు పనికి సెలవు పెట్టి గిటారు చంకనేసుకుని దుకాణానికి వెళ్ళాను. దారి పొడుగునా తిట్లు వరసగా పేర్చుకుంటూ వెళ్ళాను. లోపల సన్నగా, శుభ్రంగా, ముక్కు మీదికి కళ్ళద్దాలు జారిన మనిషి కూర్చుని ఉన్నాడు. గిటారు చూడగానే మొహం విప్పారింది.

"బాగా కుదిరిందాండీ? పాపం ఇన్నాళ్ళూ ఎవరో తప్పు కట్టారు తీగలు. మీవాడు ఎడమచేతి వాటమని చెప్పాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేనూ అలాగే వదిలేసేవాణ్ణి. అడక్కపోయినా మొత్తం కరెక్టు చేసేశా."

"మిమ్మల్ని బ్రిడ్జి అతికించమన్నాం."

"అదీ చేశా కదండీ. ఏనుగు లాగినా ఊడదు."

"మా నాన్న వాయిస్తే అన్నీ అపస్వరాలే వస్తున్నాయి."

"మా దగ్గర్నించి వెళ్ళినప్పుడు బాగానే ఉందండీ" అన్నాడు రేపుగారు. నా మాట, నా గొంతులో పలికే విరుపుతో సహా, నాకే తిరిగొచ్చింది. "వాడకంలోనే ఏదో తేడా..."

నాన్న ఎలా వాయిస్తాడో అంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. "అలాక్కూడా వాయిస్తారా!" అని ఆశ్చర్యపోయాడు. "ఎంతలో పని, మళ్ళీ పాతలాగే కట్టేస్తా కూర్చోండి" అని తీగలు విప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మెడ పైకొసన తీగలు ఆనే తెల్ల పట్టీ ఒకటుంటుంది, ఒక్కో తీగకీ దానికి సరిపడే గాడితో. మొదటిసారి తీగలు మార్చినప్పుడే పాతది పీకేసి, వాటికి తగ్గట్టు కొత్తది అతికించాడట. ఇప్పుడు లావు తీగ సన్న గాడిలో ఇమడకుండా పైకి తన్నుకొస్తోంది, సన్న తీగ లావు గాడిలో వదులుగా పడి జిర్రుమంటోంది. అతను ఆకురాయితో గాడి రాశాడు, ఎక్కువ రాశాడు, దాంతో ఆ తీగా జిర్రుమంది. తీరా చూస్తే బ్రిడ్జి కూడా వంకరగానే అతికించాడు, చివరి తీగ మెడ అంచు దాటి జారిపోతోంది.

"పాత పట్టీ ఏదండీ?"

"అది చెత్తలో పోయిందండీ."

"పోనీ బ్రిడ్జి సరిచెయ్యండి."

"చెప్పా కదండీ, ఏనుగు లాగినా..." అని ఆగి, మొహాన ఉన్న నవ్వు చెదరకుండానే అన్నాడు, "అసలు మీరు ఇంతలా ఆలోచించకండి. కరెక్టుగా ఉన్నదానికి అలవాటు పడితే ఇంకా మంచిది కదా. మీ నాన్నగారిని కొన్నాళ్ళు ప్రాక్టీసు చెయ్యమనండి. కొత్తగా నేర్చుకున్నట్టు ఉంటుంది."

పేర్చుకెళ్ళిన తిట్లన్నీ నాలిక చివరే ఆగిపోయాయి. వాడు దొంగైనా బాగుండేది, కడుపారా తిట్టి వచ్చేదాన్ని. మంచి చేశాననే అనుకుంటున్నాడు, ఇప్పటికీ, నా మొహం చూస్తూ కూడా. కొత్తగా నేర్చుకోవడం అన్నది మా నాన్నకి లేకుండా పోయి చాలా కాలమైందని ఆ మనిషికి చెప్పి ఏం లాభం? గిటారు తీసుకుని బయటపడ్డాను. "మళ్ళీ ఏదైనా ఉంటే రేపు రండి" అని వెనకనించి అంటున్నాడు.

ఎవరో చెబితే ఊరి అవతల వయొలిన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పలకరింపులూ మర్యాదలూ లేని మనిషి. జిగురుని గోటితో గీకి చూసి, "ఇది కుర్చీ కాళ్ళకి వేసేది" అంది. "ఒక్కసారిగా లాగితే పొట్ట చెక్క చీల్తుంది. కొంచెం కొంచెంగా ఊడదియ్యాలి, మరల కన్నాలు పూడ్చాలి, బ్రిడ్జి కొత్తది చెయ్యాలి, పట్టీ కొత్తది కోయాలి. చేస్తాను. తొందరపెట్టనంటేనే చేస్తాను."

"తొందరేనండీ. మా నాన్న..."

"మొదటే నా దగ్గరికి తెచ్చుంటే ఒక పూట పని" అంది ఆవిడ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో తెలిసింది నాకు. గిటారు అక్కడే వదిలి వచ్చాను. వేరే దారి లేదు.

ఇంటి దగ్గర తమ్ముడు వాడి స్నేహితుడి గిటారు ఒకటి అడిగి తెచ్చి, తిరగేసి నాన్న ముందు పెట్టాడు. నాన్న చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, సూది వేస్తామన్నప్పుడు చిన్నపిల్లలు పెట్టుకున్నట్టు. "ఒక్కసారి ముట్టుకో నాన్నా" అని వాడు గడ్డం పట్టుకుని బతిమాలాడు. "నాకు రాదు" అన్నాడు నాన్న. దిండు ఇస్తే తల కింద పెట్టుకుని పడుకున్నాడు. పరాయి గిటారు కాబట్టి అలా అన్నాడులే, తనది తనకొచ్చి ఆ మెడ చేతికి తగిలితే చెయ్యి దానంతటదే లేస్తుందని మాకు మేమే చెప్పుకున్నాం. మా ఆశంతా ఇక దాని మీదే.

అమ్మ ఊరుకోలేక బాణీలు పాడటం మొదలుపెట్టింది. మా అమ్మ పాడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. అయినా నేను గుమ్మంలోకి రాగానే వంటగదిలోంచి గరిటెతో గట్టు మీద మూడు దెబ్బలు కొట్టి, "టడ టడ టడ" అని గొంతు చించుకునేది. నాన్న మర్యాదగా వినేవాడు. తమ్ముడి ఫోన్లో నాన్న వాయించినది ఒకటి దొరికితే అది పెట్టాం. నాన్న తలాడిస్తూ చివరిదాకా విని, "బాగా వాయిస్తున్నాడు. ఎవరాయన?" అని అడిగాడు. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

నేను వచ్చినా నాన్న తల తిప్పడం మానేశాడు. మొదట్లో "వచ్చావా" అనేవాడు. తర్వాత ఊరికే చూసేవాడు. తర్వాత ఒక రోజు నేను మంచినీళ్ళిస్తే "మీకెందుకండీ శ్రమ" అన్నాడు. రోగమే ముదిరింది, గిటారు ఉన్నా ఇలాగే అయ్యేది అని డాక్టరు అన్నాడు. అయ్యేదేమో. కాకపోయేదేమో. అది ఇక ఎప్పటికీ తెలియకుండా చేసి పెట్టాడు రేపుగారు.

గిటారు తయారైందని వయొలిన్ల ఆవిడ కబురు చేసింది. వెళ్ళాను. మరల కన్నాలు ఎక్కడున్నాయో వెతికినా కనబడలేదు. లావు తీగ లావు గాడిలో, సన్నది సన్న గాడిలో హాయిగా పడుకున్నాయి. ఇంటికి తెచ్చాక తమ్ముడు ఒక్కో తీగా మీటి, ఫోన్లో ఉన్న నాన్న వాయింపుతో సరిచూసి, "అచ్చు అదే మోత అక్కా" అన్నాడు. మద్దెల బాగుపడింది.

నాన్న కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మ ఆయన పక్కన చిక్కుళ్ళు ఒలుస్తోంది. గిటారుని తిరగేసి, ఆయన పట్టుకునే తీరుగా ఒళ్ళో పెట్టాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు. చేతులు వెనక్కి పెట్టుకోలేదు కూడా. చెక్క మీద అరచేత్తో ఒకసారి నిమిరాడు. తర్వాత వేళ్ళు మడిచి, కణుపులతో పొట్ట మీద మూడుసార్లు కొట్టాడు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

నాన్న చెవి దగ్గరగా పెట్టి విన్నాడు, అంగట్లో కుండ కొనేవాళ్ళు కొట్టి చూసినట్టు. "చెక్క మంచిదే" అన్నాడు. గిటారుని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి నాకు తిరిగిచ్చాడు.

"ఎవరిదండీ ఇది?"

"మా నాన్నది" అన్నాను.

"బాగా వాయించేవారా?"

"చాలా బాగా వాయించేవాడు."

"అయితే భద్రంగా దాచుకోండి" అన్నాడు నాన్న. కాస్త ముందుకి వంగి, గొంతు తగ్గించి, నా మేలు కోరే పెద్దమనిషిలా చెప్పాడు, "బాగుచేస్తామని ఎవరన్నా అడిగినా ఇవ్వకండి. పాడుచేస్తారు."

"అలాగేనండీ" అన్నాను.

గిటారుని మూల నిలబెట్టి వసారాలోకొచ్చాను. వచ్చి, చిన్నప్పుడు వేసినట్టు, ఉన్న బలమంతా పెట్టి తలుపు ధడాలున వేశాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. చెవి తలుపుకి ఆనించి నిలబడ్డాను.

"గాలి అనుకుంటానండీ" అని అమ్మతో చెబుతున్నాడు నాన్న. "గడియ పెట్టుకోండి."